ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై): వ్యాపారం, సమయం, అమానతు

వ్యాపారం చేసే మన సోదరుల నోట తరచూ వినబడే ఫిర్యాదు ఒకటుంది. సమయం దొరకడం లేదన్నదే ఆ ఫిర్యాదు. ఉదయం దుకాణం షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేవరకు గల్లాపెట్టె దగ్గరి నుంచి లేచే వీలుండదు. సరకు తెచ్చేది తామే, బేరమాడేది తామే, చిల్లర ఇచ్చేది తామే, బాకీలు వసూలు చేసేదీ తామే. జమాఅతు నమాజుకు పరుగెత్తుకుంటూ వెళ్ళి, సలాం చెప్పగానే పరుగెత్తుకుంటూ తిరిగి వస్తారు. ఖుర్‌ఆన్ తెరిచి ఎన్నాళ్ళయిందో గుర్తుండదు. పిల్లలు మక్తబ్‌లో ఏ పాఠం చదువుతున్నారో తెలియదు. ఎవరినైనా సాయంగా పెట్టుకోమంటే నమ్మకస్తులు దొరకరంటారు. నమ్మకస్తుడు దొరికితే, మన చేత్తో చేసినట్లు ఉండదంటారు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన వారూ మనలో ఉన్నారు. వ్యాపారమంతా పనివాళ్ళకు వదిలేస్తారు. కొలతలో ఏం జరుగుతోందో, సరకులో ఏం కలుస్తోందో, కొనేవారికి ఏం చెప్పి అమ్ముతున్నారో పట్టించుకోరు. ఎవరైనా వచ్చి నిలదీస్తే అది పనివాడి తప్పని, తమకేమీ తెలియదని చేతులు దులుపుకుంటారు. లాభం మాత్రం లెక్కపెట్టి తీసుకుంటారు.

మొదటివారు దుకాణానికి బానిసలయ్యారు. రెండోవారు బాధ్యతకు దూరమయ్యారు. ఈ రెండు దారుల నడుమ ఒక రాజమార్గం ఉంది. ఆ మార్గాన నడిచి చూపించిన మహనీయుడు మనకు కొత్తవారేమీ కాదు. మన ప్రాంతంలోని ముస్లిములలో అత్యధికులు నమాజు మొదలుకొని నికాహ్ వరకు ఎవరి ఫిఖహ్‌ను అనుసరిస్తున్నారో ఆ ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) గారే ఆయన. మేము మదర్సాలో చదివిన రోజుల్లో ఆయన మస్లాలు ఎన్నో కంఠస్థం చేశాం. అయితే అంతటి విద్యకు ఆయనకు సమయం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న అప్పట్లో మాకు తట్టలేదు. ఆయన జీవితాంతం బట్టల వ్యాపారి అన్న సంగతిని చాలామంది మరచిపోతారు. ఈ నెల ఆ వైపు నుంచి ఆయన జీవితాన్ని పరిశీలిద్దాం.

వర్తక కుటుంబంలో జననం

ఇమామ్ గారి అసలు పేరు నుఅమాన్, తండ్రి పేరు సాబిత్. హిజ్రీ 80లో, అంటే క్రీ.శ. 699లో, ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. వారి పూర్వీకులు అరబ్బులు కారు, పారశీక సంతతివారు. తాతగారి పేరు జూతా.

కూఫా ఆనాడు సామాన్యమైన పట్టణం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో హిజ్రీ 17లో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఫురాత్ నది ఒడ్డున దాన్ని నెలకొల్పారు. అక్కడి ప్రజలకు ధర్మం నేర్పడానికి హజ్రత్ ఉమర్ (రజి) స్వయంగా హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) గారిని పంపించారు. తరువాత హజ్రత్ అలీ (రజి) ఆ నగరాన్నే రాజధానిగా చేసుకున్నారు. ఒకవైపు విద్య, మరోవైపు వర్తకం అక్కడ పక్కపక్కనే వర్ధిల్లాయి.

సాబిత్ గారి కుటుంబం ఖజ్ అనే ఖరీదైన వస్త్రం అమ్మేది. పట్టు, ఉన్ని కలిపి నేసిన బట్ట అది. నుఅమాన్ కూడా చిన్న వయసులోనే ఆ వ్యాపారంలో దిగారు. కూఫాలో అమ్ర్ బిన్ హురైస్ (రజి) గారి ఇంటి ఆవరణలో ఉన్న ఆయన దుకాణం అందరికీ తెలిసినదే. యువకుడు తెలివైనవాడు, మాట నేర్పరి, నిజాయితీపరుడు. అలాంటివాడు బజారులో ఎంత ఎదుగుతాడో వేరే చెప్పనక్కరలేదు. అల్లాహ్ చిత్తం మరోలా లేకపోయి ఉంటే, కూఫా ధనవంతుల జాబితాలో ఒక పేరుగా మిగిలి, ఆ తరంతోనే ఆయన పేరు మాసిపోయేదేమో.

బజారు దారిలో ఒక ప్రశ్న

ఒకరోజు నుఅమాన్ బజారుకు వెళ్తూ ఇమామ్ షఅబీ (రహ్మలై) గారి ఇంటి ముందు నుంచి నడిచారు. షఅబీ గారు ఎందరో సహాబాలను కళ్ళారా చూసిన గొప్ప పండితులు. ఆయన యువకుణ్ణి పిలిచి ఎక్కడికి వెళ్తున్నావని అడిగారు. నుఅమాన్ తాను కలవబోతున్న వర్తకుని పేరు చెప్పారు. షఅబీ గారు అడిగింది అది కాదు. ఏ పండితుని వద్దకు వెళ్తున్నావన్నది ఆయన ప్రశ్న. పండితుల వద్దకు తాను వెళ్ళేది చాలా తక్కువేనని నుఅమాన్ ఒప్పుకున్నారు. అప్పుడు షఅబీ గారు ఆ యువకునిలో తనకు చురుకుదనం, మేధస్సు కనబడుతున్నాయని, వాటిని వృథా చేసుకోక విద్యావంతుల సాంగత్యం పట్టమని హితవు చెప్పారు.

ఆ మాట నుఅమాన్ గుండెలో నాటుకుంది. గమనించండి, షఅబీ గారు వ్యాపారం హరామ్ అనలేదు, దుకాణం మూసేయమనలేదు. నీ సమయంలో ఉత్తమ భాగం ఎక్కడికి పోతోందన్నదే ఆయన గుర్తుచేశారు. ఈ ప్రశ్నను మనలో ప్రతి ఒక్కరూ తమను తాము వేసుకోవలసి ఉంది.

నుఅమాన్ మొదట విశ్వాస విషయాల చర్చల్లో పేరు తెచ్చుకున్నారు. వాద వివాదాల కోసం బస్రా నగరానికి ఎన్నోసార్లు వెళ్ళి వచ్చారు. ఇంతలో ఒకనాడు ఒక స్త్రీ వచ్చి, సున్నతు ప్రకారం తలాఖ్ ఇచ్చే పద్ధతి ఏమిటని అడిగింది. నుఅమాన్ వద్ద జవాబు లేదు. దగ్గర్లోనే పాఠం చెబుతున్న హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) గారిని అడిగి, ఆయన చెప్పింది తనకూ చెప్పి వెళ్ళమని కోరారు. ఆమె అలాగే చేసింది. ఒక సామాన్య స్త్రీకి నిత్యజీవితంలో అవసరమైన మస్లా తనకు తెలియనప్పుడు పెద్ద పెద్ద వాదాలు గెలిచి ఏం లాభమని ఆయనకు అనిపించింది. వెంటనే చెప్పులు చేతపట్టుకుని లేచి, హమ్మాద్ గారి పాఠశ్రేణిలో వచ్చి కూర్చున్నారు.

గురువుగారి స్థానంలో రెండు నెలలు

హమ్మాద్ గారి విద్య ఇబ్రాహీమ్ నఖఈ, అల్ఖమా (రహ్మలైహిమ్) గార్ల మీదుగా హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) వరకు చేరుతుంది. ఆయన వద్ద నుఅమాన్ 18 సంవత్సరాలు గడిపారు, అంటే గురువుగారు హిజ్రీ 120లో పరలోకయాత్ర చేసేవరకు.

ఈ మధ్యలో జరిగిన ఒక సంఘటన మన విషయానికి చాలా దగ్గరిది. కొన్నేళ్ళు చదివాక, ఇక తాను విడిగా పాఠం చెప్పుకోగలనన్న ఆలోచన నుఅమాన్‌కు కలిగింది. సరిగ్గా అదే సమయంలో బస్రాలో హమ్మాద్ గారి బంధువొకరు మరణించారు. వారసత్వపు పని మీద ఆయన అక్కడికి వెళ్తూ తన స్థానంలో నుఅమాన్‌ను కూర్చోబెట్టారు. రెండు నెలల్లో గురువుగారి నోట ఎన్నడూ వినని ప్రశ్నలెన్నో వచ్చాయి. నుఅమాన్ జవాబులు చెప్పారు. చెప్పిన ప్రతిదాన్నీ రాసిపెట్టుకున్నారు. గురువుగారు తిరిగి రాగానే ఆ 60 మస్లాలను ఆయన ముందుంచారు. హమ్మాద్ గారు 40 జవాబులతో ఏకీభవించారు, 20 జవాబులతో విభేదించారు. గురువుగారు జీవించి ఉన్నంతకాలం ఆయన సన్నిధిని విడువకూడదని నుఅమాన్ ఆనాడే నిర్ణయించుకున్నారు.

పనిని మరొకరికి అప్పగించడం ఎలాగో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి. అప్పగించినవారు నమ్మి అప్పగించారు. అప్పగించుకున్నవారు ప్రతిదీ రాసిపెట్టారు. తిరిగి వచ్చాక ఇద్దరూ కూర్చుని పరిశీలించుకున్నారు. మూడింట ఒక వంతు తేడా వచ్చిందని గురువుగారు శిష్యుణ్ణి దూరం చేయలేదు, శిష్యుడు చిన్నబుచ్చుకోలేదు. మన దుకాణాల్లో కుర్రవాడు ఒక లెక్క తప్పితే ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు.

దుకాణం ఎలా నడిచింది?

మరి ఈ 18 సంవత్సరాలు, ఆ తరువాత గురుపీఠం మీద కూర్చున్న 30 సంవత్సరాలు దుకాణం ఏమైంది? మూతపడలేదు. ఇమామ్ గారు వ్యాపారాన్ని వదల్లేదు, వ్యాపారం తనను మింగేయడానికీ అనుమతించలేదు. భాగస్వాములను, నమ్మకస్తులైన మనుషులను పెట్టుకుని పని అప్పగించారు. సరకును ఇతర నగరాలకు పంపి, అక్కడి సరకును కూఫాకు తెప్పించేవారు. ఆయన భాగస్వాములలో హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ గారు ప్రసిద్ధులు.

అలాగని బజారు ముఖం చూడకుండా ఉండలేదు. ఆయన శిష్యులు యూసుఫ్ బిన్ ఖాలిద్ గారి కథనం ప్రకారం, ఇమామ్ గారు పొద్దెక్కిన తరువాత మొదలుకొని జుహ్ర్ వేళ వరకు బజారులో కూర్చునేవారు. శనివారం మాత్రం పాఠానికీ రారు, బజారుకూ వెళ్ళరు. ఆ రోజు ఇంటి పనులకు, ఆస్తిపాస్తుల వ్యవహారాలకు కేటాయించేవారు. శుక్రవారం శిష్యులను ఇంటికి పిలిచి రకరకాల వంటకాలతో విందు ఇచ్చేవారు.

సోదరులారా! ఈ పట్టికను మరోసారి చూడండి. బజారుకు నిర్ణీతమైన వేళ ఉంది. విద్యకు వేళ ఉంది. ఇంటివారికి వారంలో ఒక రోజు ఉంది. మిత్రులకు, శిష్యులకు ఒక రోజు ఉంది. రాత్రులు నమాజులో గడిపేవారని ఆయన్ను ఎరిగినవారందరూ చెప్పారు. మనకున్న 24 గంటలే ఆయనకూ ఉన్నాయి. తేడా ఒక్కటే. ఇతరులు చేయగల పనిని ఆయన ఇతరులకు ఇచ్చారు. తాను మాత్రమే చేయవలసిన పనిని తన వద్ద ఉంచుకున్నారు.

ఇలా అప్పగించడం ధర్మసమ్మతమేనా అని కొందరికి సందేహం రావచ్చు. దీనిని ఫిఖహ్‌లో వకాలత్ అంటారు. దివ్య ఖుర్‌ఆన్‌లోని కహఫ్ సూరాలో గుహవాసులు తమలో ఒకరికి నాణెం ఇచ్చి, పట్టణానికి వెళ్ళి పరిశుభ్రమైన ఆహారం చూసి తెమ్మని పంపిన వృత్తాంతం ఉంది. ధర్మవేత్తలు దీన్ని వకాలత్‌కు ఆధారాల్లో ఒకటిగా చూపుతారు. దైవప్రవక్త (సఅసం) ఒక దీనారు ఇచ్చి హజ్రత్ ఉర్వా (రజి) గారిని గొర్రె కొనుక్కు రమ్మని పంపారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని దీనారుకు అమ్మి, గొర్రెతోపాటు దీనారునూ తెచ్చి ముందుంచారు. దైవప్రవక్త (సఅసం) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు. హజ్జతుల్ విదాలో తెచ్చిన 100 ఒంటెలలో 63 ఒంటెలను దైవప్రవక్త (సఅసం) స్వహస్తాలతో ఖుర్బానీ చేసి, మిగిలిన వాటిని హజ్రత్ అలీ (రజి) గారికి అప్పగించారు. కాబట్టి పనిని పంచుకోవడం బద్ధకం కాదు, అది సున్నతులో ఉన్న విషయమే.

లోపమున్న వస్త్రం

ఇప్పుడు ఇమామ్ గారి జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టానికి వద్దాం. ఒకసారి ఆయన భాగస్వామి హఫ్స్ గారికి సరకు పంపారు. అందులో ఒక వస్త్రంలో లోపం ఉంది. ఏ వస్త్రమో, లోపం ఏమిటో వివరంగా తెలియజేసి, అమ్మేటప్పుడు కొనేవారికి ఆ సంగతి తప్పక చెప్పమని గట్టిగా కోరారు. హఫ్స్ గారు సరకంతా అమ్మారు. కానీ ఆ ఒక్క వస్త్రం అమ్మేటప్పుడు లోపం సంగతి చెప్పడం మరచిపోయారు. కొన్నది ఎవరో కూడా గుర్తులేదు.

విషయం ఇమామ్ గారికి తెలిసింది. కొన్న మనిషి దొరికితే డబ్బు తిరిగి ఇవ్వవచ్చు, లేదా అతన్ని ఒప్పించవచ్చు. అతను దొరికే దారి లేదు. ఆ ఒక్క వస్త్రం ధర తీసి సదఖా చేస్తే సరిపోతుందని మనలాంటివారు అనుకుంటాం. ఇమామ్ గారు అలా అనుకోలేదు. ఆ సరకు మీద వచ్చిన మొత్తం సొమ్మును దానం చేసేశారు. అది 30,000 దిర్హములని కొన్ని గ్రంథాల్లో ఉంది. హఫ్స్ గారితో భాగస్వామ్యాన్ని సైతం విడదీసుకున్నారని రాశారు.

ఇందులో హఫ్స్ గారు మోసం చేయలేదు. ఆయనా విద్యావంతులే, సజ్జనులే. జరిగింది మరుపు మాత్రమే. మరుపుకు మనిషిని నిందించలేం. ఇమామ్ గారి లోపం అసలే లేదు, ఎందుకంటే ఆయన ముందే చెప్పి పంపారు. అయినా ఆ వస్త్రం తన సరకులోనిది, ఆ సొమ్ము తన ఇంటికి వచ్చే సొమ్ము, ఆ కొనుగోలుదారుడు తన దుకాణాన్ని నమ్మి కొన్నాడు. అమ్మే పని హఫ్స్ గారికి అప్పగించారు గాని, ప్రళయదినాన ఇవ్వవలసిన జవాబును ఎవరికీ అప్పగించలేదు. దాన్ని అప్పగించే వీలు కూడా లేదు.

పనివాడు చేశాడు, మాకు తెలియదు అని చెప్పే సోదరులు ఈ 30,000 దిర్హములను ఒక్కసారి గుర్తుకు తెచ్చుకోవాలి.

లాభం ఎక్కడికి చేరింది?

వ్యాపారం ఇతరుల చేతులమీదుగా నడిస్తే లాభం తగ్గుతుందని మన భయం. ఇమామ్ గారు ఆ లాభాన్ని ఏం చేసేవారో చూడండి. ఏడాది పొడవునా లాభాలు కూడబెట్టి, ఆ సొమ్ముతో పండితులకు, హదీసువేత్తలకు కావలసిన ఆహారం, దుస్తులు, ఇతర అవసరాలు కొనిపెట్టేవారు. మిగిలిన దీనారులు కూడా వారికే ఇచ్చేవారు. పైగా తనకు కృతజ్ఞతలు చెప్పవద్దని, ఇది తన సొమ్ము కాదని, అల్లాహ్ తన చేతులమీదుగా వారికి పంపిన అనుగ్రహమని వినయంగా చెప్పేవారు.

శిష్యులలో యాఖూబ్ అనే పేద కుర్రవాడు ఉండేవాడు. ఇల్లు గడవక పాఠం మానుకుని పనికి వెళ్ళవలసి వచ్చింది. కొన్నాళ్ళకు అతడు తిరిగి రాగానే ఇమామ్ గారు కారణం అడిగి తెలుసుకున్నారు. అందరూ వెళ్ళాక 100 దిర్హముల సంచి చేతిలో పెట్టి, పాఠం మానవద్దని, అయిపోతే చెప్పమని అన్నారు. ఆ తరువాత అయిపోయిందని చెప్పవలసిన అవసరమే ఆ కుర్రవాడికి రాలేదు. అడగకముందే అందేది. ఆ కుర్రవాడే ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై). తరువాతి కాలంలో ఖలీఫా హారూన్ రషీద్ ప్రభుత్వంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పన్నులు, భూమిశిస్తుల మీద కితాబుల్ ఖరాజ్ రచించారు.

ఒక బట్టల దుకాణం లాభం ఎంత దూరం ప్రయాణించిందో చూశారా! ఇమామ్ గారు రాత్రింబవళ్ళు గల్లాపెట్టె ముందే కూర్చుని ఉంటే ఇంకొన్ని దిర్హములు మిగిలేవేమో. అబూ యూసుఫ్ మాత్రం మిగిలేవారు కాదు.

విద్యను సైతం పంచారు

ఇమామ్ గారు దుకాణం పనినే కాదు, విద్యాకార్యాన్ని కూడా ఒంటిచేత్తో చేయలేదు. మస్లాల పరిశీలనకు ఆయన చుట్టూ 40 మంది శిష్యులతో ఒక పండిత సభ ఉండేదని ప్రసిద్ధి. ఒక్కో సమస్యను ముందుంచి అందరి అభిప్రాయం వినేవారు. కొన్ని సమస్యలపై చర్చ రోజుల తరబడి సాగేది. చివరికి తేలినదాన్ని రాయించేవారు. ఆఫియా బిన్ యజీద్ అనే శిష్యుడు సభలో లేకపోతే, ఆయన వచ్చి విన్న తరువాతే ఆ మస్లాను ఖాయం చేయాలని ఆపేవారు. అంతటి ఇమామ్ ఒక శిష్యుని రాక కోసం ఆగడం సామాన్యమైన విషయం కాదు.

అయితే సమయం రాకముందే ఎవరైనా బాధ్యత నెత్తికెత్తుకుంటే దాన్నీ సరిదిద్దేవారు. అబూ యూసుఫ్ గారు ఒకసారి తొందరపడి విడిగా పాఠశ్రేణి పెట్టుకున్నారు. ఇమామ్ గారు ఒక మనిషిని ప్రశ్నతో పంపారు. ఒకరు చాకలికి బట్ట ఇచ్చారు. తిరిగి అడిగితే చాకలి అసలు ఇవ్వనేలేదన్నాడు. మళ్ళీ వెళ్తే ఉతికిన బట్ట తెచ్చి ఇచ్చాడు. అతనికి కూలి ఇవ్వాలా, వద్దా? ఇవ్వాలని అబూ యూసుఫ్ గారు అంటే వచ్చిన మనిషి తప్పన్నాడు. వద్దంటే అదీ తప్పన్నాడు. అబూ యూసుఫ్ గారికి విషయం అర్థమై నేరుగా గురువుగారి వద్దకు వచ్చారు. ఇమామ్ గారు వివరించారు. కాజేయాలని తలచకముందే ఉతికి ఉంటే యజమాని కోసం ఉతికినట్లు, కాబట్టి కూలి ఇవ్వాలి. కాజేసిన తరువాత ఉతికి ఉంటే తన కోసం ఉతుక్కున్నట్లు, కాబట్టి కూలి లేదు.

శిష్యుణ్ణి అందరి ముందు అవమానించలేదు. ఇంకా నేర్చుకోవలసింది ఉందని అతనికే తెలిసేలా చేశారు. సిద్ధం కానివారికి పని అప్పగించకపోవడం, సిద్ధమయ్యేలా తీర్చిదిద్దడం రెండూ అప్పగించేవారి బాధ్యతలే. ఇమామ్ గారు పరమపదించిన తరువాత ఆయన ఫిఖహ్ నిలిచింది ఈ శిష్యుల వల్లనే. అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ షైబానీ, జుఫర్ (రహ్మలైహిమ్) గార్లు లేకుంటే ఆ విద్య మనదాకా ఇలా చేరేది కాదు.

అప్పగించుకోవడానికి నిరాకరించిన పని

ఇమామ్ గారి జీవితంలో మరో కోణం ఉంది. తన పని ఇతరులకు అప్పగించిన ఆయన, ఇతరుల పనిని తాను అప్పగించుకోవడంలో ఎంతో జాగ్రత్తగా ఉన్నారు.

ఉమవీ పాలన చివరి రోజుల్లో ఇరాక్ గవర్నరు ఇబ్నె హుబైరా ఆయనకు పెద్ద పదవి ఇవ్వజూపాడు. రాజముద్ర ఆయన చేతిలో ఉంటుంది, ఆయన ముద్ర లేకుండా ఏ ఉత్తర్వూ బయటికి వెళ్ళదు. ఇమామ్ గారు ఒప్పుకోలేదు. పాలకుడు ఒక మనిషి తల తీయమని రాస్తే, తాను దానిపై ముద్ర వేయవలసి వస్తుంది. ఆ పాపంలో తానెందుకు చేరాలన్నది ఆయన వాదం. ఫలితంగా కొరడా దెబ్బలు తిన్నారు. హిజ్రీ 130లో మక్కాకు వెళ్ళిపోయి కొన్నేళ్ళు అక్కడే ఉన్నారు.

తరువాత అబ్బాసీ ఖలీఫా మన్సూర్ కాలం వచ్చింది. ఆయన ఇమామ్ గారిని బగ్దాదుకు పిలిపించి ఖాజీ పదవి స్వీకరించమన్నాడు. ఇమామ్ గారు మళ్ళీ నిరాకరించారు. పాలకుని ఇష్టానికి లోబడే న్యాయపీఠం మీద తన పేరు ఉండడం ఆయనకు సమ్మతం కాలేదు. బగ్దాదు నిర్మాణంలో ఇటుకలు లెక్కించే పని మాత్రం కొన్నాళ్ళు చేశారని చరిత్రకారులు రాశారు. ఒక్కొక్క ఇటుకా లెక్కపెట్టకుండా గుట్టను కొలకర్రతో కొలిచి లెక్క తేల్చేవారట. అంటే ఇటుకలు లెక్కించడం ఆయనకు నామోషీ కాలేదు. అన్యాయంలో పాలు పంచుకోవడమే ఆయన భయం.

చివరికి చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150లో, అంటే క్రీ.శ. 767లో, బగ్దాదులోనే కన్నుమూశారు. జనాజాకు జనం పోటెత్తారు. నమాజు పలుమార్లు చేయవలసి వచ్చింది. ఖైజురాన్ ఖబరస్తానులో ఆయన్ను ఖననం చేశారు. ఆ ప్రాంతాన్ని నేడు ఆజమియా అంటారు. ఇమామె ఆజమ్ అన్న ఆయన బిరుదు నుంచే ఆ పేరు వచ్చింది.

మనం నేర్చుకోవలసింది

ఈ జీవితం నుంచి వ్యాపారం చేసే ప్రతి కుటుంబం తీసుకోదగిన విషయాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, సమయం దేనికోసమో ముందు నిర్ణయించుకోవాలి. ఇమామ్ గారు దుకాణం అప్పగించింది విద్య కోసం. మనం దుకాణం అప్పగించి, ఆ మిగిలిన సమయాన్ని కబుర్లలో, టీవీ ముందు, ఫోను ముందు పోగొట్టుకుంటే అప్పగించకపోవడమే మేలు. మిగిలిన గంటలో పిల్లలతో కూర్చోవాలి, ఖుర్‌ఆన్ చదవాలి, తల్లిదండ్రుల సేవ చేయాలి.

రెండోది, అప్పగించే ముందు షరతులు స్పష్టంగా మాట్లాడుకుని రాసుకోవాలి. అప్పు వ్యవహారాన్ని రాసుకోమని అల్లాహ్ బఖరా సూరాలో సుదీర్ఘంగా ఆదేశించాడు. పనివానికి జీతం ఎంతో ముందే తేల్చాలి. పెట్టుబడి ఒకరిది, శ్రమ ఒకరిది అయితే లాభంలో ఎవరికెంత వాటా అన్నది నిష్పత్తిగా నిర్ణయించుకోవాలి. నెలకింత అని ఖాయం చేసుకుంటే అది సరైన ముజారబా కాదు.

మూడోది, నమ్మి అప్పగించిన మనిషిని అమీన్‌గా చూడాలి. అతని నిర్లక్ష్యం, ద్రోహం లేకుండా నష్టం జరిగితే ఆ నష్టాన్ని అతని నుంచి రాబట్టడం హనఫీ ఫిఖహ్ ప్రకారం కుదరదు. పగిలిన ప్రతి వస్తువుకూ కుర్రవాని జీతం కోసే యజమానులు ఈ మస్లాను స్థానిక పండితులను అడిగి తెలుసుకోవాలి. అలాగే అప్పగించుకున్న మనిషి యజమాని అనుమతి లేకుండా ఆ పనిని మూడో మనిషికి అప్పగించరాదు.

నాలుగోది, సరకు లోపాన్ని మన పనివారికి మనమే చెప్పాలి, వారు కొనేవారికి చెబుతున్నారో లేదో చూసుకోవాలి. ఎక్కువ అమ్మినవారికే మెప్పు దక్కే దుకాణంలో నిజం చెప్పే కుర్రవాడు నిలవలేడు. నిజం చెప్పి బేరం పోగొట్టుకున్నవాణ్ణి మెచ్చుకునే యజమాని దగ్గరే నిజం నిలుస్తుంది.

చివరిది, అప్పగించగల పనులేవో, అప్పగించలేనివేవో తెలుసుకోవాలి. జకాతును మరొకరి ద్వారా పంచవచ్చు. ఖుర్బానీని మరొకరితో చేయించవచ్చు. మన నమాజు, మన ఉపవాసం మరొకరు చేయలేరు. డబ్బిచ్చి ఉస్తాదును పెట్టినంత మాత్రాన పిల్లల ధార్మిక శిక్షణ బాధ్యత తండ్రి భుజం మీది నుంచి దిగిపోదు. రేపు అల్లాహ్ సన్నిధిలో మన వయసు గురించి, మన సంపాదన గురించి అడిగినప్పుడు మన తరఫున నిలబడే వకీలు ఎవరూ ఉండరు.

ఇమామ్ గారి దుకాణం నేడు కూఫాలో లేదు. ఆయన భాగస్వాములు అమ్మిన వస్త్రాలు ఎప్పుడో చినిగిపోయాయి. దుకాణం నుంచి ఆయన మిగుల్చుకున్న గంటలు మాత్రం 1,200 సంవత్సరాలు దాటినా మన మస్జిదుల్లో, మన ఇళ్ళలో నేటికీ బతికే ఉన్నాయి.

అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనను, దానిలో శుభాన్ని, సమయం విలువను గుర్తించే సద్బుద్ధిని, అమానతును కాపాడుకునే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.